రెండో ప్రశ్న ఎవరు అడుగుతారు?

(ఆంధ్రప్రదేశ్‌లోని ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో విద్యాసంవత్సరం మొదట్లో బోధన, బోధనేతర సిబ్బందికి జరిపిన సమావేశంలో రిటైర్డ్ కామర్స్ లెక్చరర్ ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి ముందు థాంక్స్ చెప్పాలి. నన్ను పిలిచినందుకు సరే, ఆఫీసు వాళ్లని, లైబ్రేరియన్ గారిని, ల్యాబ్ అటెండర్లని, హాస్టల్ వార్డెన్ గారిని కూడా ఈ హాల్లో కుర్చీల్లో కూర్చోబెట్టినందుకు మరీ మరీ థాంక్స్. మామూలుగా ఇలాంటి మీటింగుల్లో లెక్చరర్లు కూర్చుంటారు, మిగతావాళ్లు టీలు అందిస్తారు. నేను ఇవాళ చెప్పేదాంట్లో సగం ఆ మిగతావాళ్ల కోసమే.

బ్యానర్ మీద "విద్యార్థుల జీవన లక్ష్యం - సిబ్బంది పాత్ర" అని రాయించారు. బాగుంది. జియోట్యాగ్ ఫొటో కూడా తీసేసుకోండి, కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ వాళ్ల ఫైల్లో ఐదో క్రైటీరియన్ కింద పెట్టుకోవచ్చు. (నవ్వులు) నవ్వుతున్నారు కానీ, ఆ ఫొటోతో మన బాధ్యత అయిపోయిందనుకోవడం మనందరికీ అలవాటైపోయింది.

కెరీర్ గైడెన్స్ సెల్ ప్రతి కాలేజీలో ఉంటుంది. ఎవరో ఒకరు వస్తారు, ఎక్కువసార్లు ఏదో కోచింగ్ సెంటర్ నుంచే వస్తారు, రెండు గంటలు మాట్లాడతారు, కరపత్రాలు పంచి వెళ్తారు. పెద్ద పెద్ద కలలు కనమంటారు, మీకిష్టమైనదేంటో తెలుసుకుని దాని వెంట పడమంటారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఊళ్లో పాలు పోసి, బస్సులో నిలబడి వచ్చిన కుర్రాడు వెనక బెంచీలో ఆ రెండు గంటలూ హాయిగా నిద్రపోతాడు. వాణ్ణి నేనేమీ అనను, ఆ హాల్లో వాడికి పనికొచ్చే విషయం నిద్రే అయ్యుండొచ్చు.

ఇంకోటి మెంటార్ రిజిస్టర్. ఒక్కో లెక్చరర్‌కి పాతిక ముప్ఫై మంది పిల్లల్ని అప్పగిస్తాం కదా. నేను చాలా కాలేజీల్లో ఆ రిజిస్టర్లు తిరగేశాను. ఒక కాలమ్‌లో "విద్యార్థి సమస్య" అని ఉంటుంది, దాని కింద "ఏమీ లేవు". పక్క కాలమ్‌లో "ఇచ్చిన సలహా", దాని కింద "బాగా చదవమని చెప్పడమైనది". పేజీ తిప్పితే ఇంకో విద్యార్థి, అదే సమస్య, అదే సలహా, అదే ఇంకు. ముప్ఫై మంది పిల్లలకి ఏ సమస్యా లేని కాలేజీ ఈ భూమ్మీద ఎక్కడుందో నాకు చూడాలనుంది.

అసలు విషయానికొస్తాను. నువ్వేమవుదామనుకుంటున్నావు అని డిగ్రీ పిల్లల్ని అడగండి, టక్కున జవాబు వస్తుంది. గ్రూప్స్ సార్. ఎస్సై సార్. బ్యాంక్ సార్. సాఫ్ట్‌వేర్ మేడమ్. ఈ జవాబు చాలావరకు వాళ్ల సొంతం కాదు, ఇంట్లోవాళ్లది, లేకపోతే పెద్దమ్మ కొడుక్కి ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచి ఆ వీధి మొత్తానికీ పట్టుకున్నది. మనం ఆ మాట విని "వెరీ గుడ్, కష్టపడు" అని భుజం తట్టి పంపేస్తాం. సంభాషణ అక్కడితో ఖతం. నేను చెప్పేదల్లా ఏంటంటే, అక్కడ ఆగకుండా ఇంకో ప్రశ్న అడగండి. ఆ ఇంకో ప్రశ్న తర్వాత మీకు తెలియనిది ఏదైనా వస్తే, తెలిసినవాళ్ల దగ్గరికి పంపండి. ఇంతే. కౌన్సెలింగ్‌లో డిప్లొమాలు, పవర్‌పాయింట్లు అవన్నీ ఉంటే మంచిదే, లేకపోయినా ఈ రెండు పనులు ఎవరైనా చేయొచ్చు.

ఎవరైనా అన్నానుగా, ఆఫీసు కౌంటర్ దగ్గర జరిగింది చెప్తాను. నేను పనిచేసిన ఒక కాలేజీలో సూపరింటెండెంట్ గారు ఒకాయన ఉండేవారు, పెద్దగా మాట్లాడే మనిషి కూడా కాదు. రెండో సంవత్సరం మధ్యలో ఒకమ్మాయి టీసీ కావాలని వచ్చింది. మనం ఏం చేస్తాం? అప్లికేషన్ రాయి, అన్ని డిపార్ట్‌మెంట్లలో నో డ్యూస్ సంతకాలు పెట్టించుకురా, లైబ్రరీ పుస్తకాలిచ్చేశావా, అంతే కదా. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని "దేనికమ్మా?" అన్నాడు. ఇంట్లో ఇబ్బందిగా ఉంది సార్, పనికెళ్తాను అంది. ఇక్కడిదాకా అందరూ అడుగుతారు. ఈయన "ఏం పని?" అన్నాడు. బట్టల షాపులో బిల్లింగ్. "ఎన్నింటికెళ్లాలి?" మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. "మరి పొద్దున్న కాలేజీకి రావడానికి ఏమడ్డం?" ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు. రెండూ కుదురుతాయని తనకి ఎవరూ చెప్పలేదు, కాలేజీ అంటే సాయంత్రం దాకా ఉండాల్సిందేననీ, హాజరు తగ్గితే పరీక్షకి రానివ్వరనీ, ఎలాగూ రానివ్వరు కాబట్టి మానేయడమే మేలనీ తనే అనుకుంది. ఆయన టీసీ ఫారం డ్రాయర్‌లో పెట్టి మా డిపార్ట్‌మెంట్‌కి పంపాడు. మేం టైమ్‌టేబుల్ చూసి, షాపు యజమానితో మాట్లాడి, ఓ గంట అటూ ఇటూ జరిపించాం. చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ కూడా ఆ షాపులోనే రాయించాం, ఎందుకంటే ఆ అమ్మాయి అప్పటికే బిల్లింగ్ దాటి షాపు వాళ్ల అకౌంటెంట్ పక్కన కూర్చుని జీఎస్టీ రిటర్నులు నేర్చుకుంటోంది. నేను ఏళ్ల తరబడి క్లాసులో చెప్పిన దానికంటే ఆ పిల్ల అక్కడ ఇన్‌పుట్ క్రెడిట్, అంటే సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను, ఎలా సరిపోలుస్తారో బాగా నేర్చుకుంది. తనకి లెక్కల పని ఇష్టమని తనకి తెలిసింది షాపులో, ఆ షాపునీ కాలేజీనీ కలిపింది ఆఫీసు కౌంటర్.

పిల్లలు లెక్చరర్ల దగ్గరికి రావడం తక్కువ. ఆఫీసుకి మాత్రం రాక తప్పదు. బోనఫైడ్ కోసం, బస్ పాస్ కోసం, స్కాలర్‌షిప్ ఫారం కోసం, పరీక్ష ఫీజు కోసం వస్తూనే ఉంటారు. ఏ పిల్ల ఇంట్లో డబ్బుకి ఇబ్బందో, ఎవరికి నాన్న లేడో, ఎవరికి పెళ్లి చూపులు జరుగుతున్నాయో ఆఫీసు వాళ్లకే ముందు తెలుస్తుంది. లైబ్రేరియన్‌కి ఇంకోటి తెలుస్తుంది, బీకాం పిల్లాడు మొక్కల పుస్తకాలు ఎందుకు తీసుకెళ్తున్నాడో అడగగలిగేది ఆయనొక్కడే. మెంటార్ రిజిస్టర్‌లో వీళ్లకి కాలమ్ లేదు. పెట్టండి.

ఇప్పుడు లెక్చరర్ల సంగతి. మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీలో కలిపి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక వేసవి ఇంటర్న్‌షిప్, చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం బయటే. మూడేళ్ల చదువులో పది నెలలండీ! పిల్లవాడు తనకేం పని పడుతుందో, ఏ పని పడదో చూసుకోడానికి ఇంతకంటే పెద్ద అవకాశం మనం తల్లకిందులైనా సృష్టించలేం. టైమ్‌టేబుల్‌లో ఉంది, క్రెడిట్లు కూడా ఉన్నాయి.

దాన్ని ఏం చేశాం? నిజం మాట్లాడుకుందాం, బయటివాళ్లెవరూ లేరు కదా. డబ్బులు కడితే ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు తయారయ్యారు. జిరాక్స్ షాపులో ప్రాజెక్టు రిపోర్టు దొరుకుతుంది, ఊరి పేరు మార్చి స్పైరల్ బైండింగ్ చేయించుకోవడమే. అరవై రోజుల లాగ్‌బుక్ ఒక్క రాత్రిలో నలుగురు కూర్చుని నింపేస్తారు, తేదీలు కలవకపోతే మనమే "అది సరిచేసి తీసుకురా" అంటాం. గైడ్ సంతకం పడుతుంది, మార్కులు పడతాయి, ఎవరికీ నష్టం లేనట్టే ఉంటుంది. పిల్లలు మోసం చేస్తున్నారని నేను అనను. ఎవరూ చదవరని వాళ్లకి తెలుసు. చదవరని తెలిసిన దాన్ని మీరైనా నేనైనా అలాగే రాస్తాం.

చదివితే ఏమవుతుందో ఒక సంగతి చెప్తాను. చేనేత పని ఉన్న ఊరి కుర్రాడు, బీకాం. వాళ్ల నాన్న గుంట మగ్గం మీద నేస్తాడు, మాస్టర్ వీవర్ దగ్గర నూలు తెచ్చుకుని కూలికి నేసే కుటుంబం. ఆ కుర్రాడు క్లాసులో ఎప్పుడూ నాన్న బిజినెస్ అని చెప్పేవాడు. ప్రాజెక్టుకి ఏ టాపిక్ తీసుకుంటావురా అంటే "ఈ-కామర్స్ సార్" అన్నాడు, అందరూ అదే రాస్తున్నారు కాబట్టి. నా కొలీగ్ ఒకావిడ, కాస్ట్ అకౌంటింగ్ చెప్పేవారు, "మీ ఇంట్లో నేసే చీరకే కాస్ట్ షీట్ వెయ్యి, నాకు నిజంగా తెలియదు, తెలుసుకోవాలనుంది" అన్నారు. వాడు మొదట ఇష్టపడలేదు. తర్వాత వేసుకొచ్చాడు. నూలు, రంగు, పడుగు చేయించడానికి, మజూరీ, మాస్టర్ వీవర్ లాభం, షోరూం ధర అన్నీ ఉన్నాయి, చక్కగా గీతలు కొట్టి మరీ వేశాడు. మేడమ్ దాన్ని పైనుంచి కిందిదాకా చదివి, "నూలు కండెలెవరు చుడతారు?" అని అడిగారు. అమ్మ మేడమ్, చెల్లి కూడా. "వాళ్ల కూలి ఏ లైన్‌లో వేశావు?"

వెయ్యలేదు. వాళ్ల నాన్నకిచ్చే మజూరీలోనే అదీ కలిసిపోయింది, ఇంట్లో ఎవరూ దాన్ని విడిగా లెక్కపెట్టింది లేదు. వాడు ఆ షీట్ పట్టుకుని ఇంటికెళ్లి, అమ్మ పక్కన కూర్చుని, చీరకి ఎన్ని కండెలు, కండెకి ఎంతసేపు అని రాసుకుని, వారం తర్వాత మళ్లీ వచ్చాడు. ఆ తర్వాత వీధిలో మిగతా ఇళ్లకీ వెళ్లాడు. ఆ రిపోర్టు మా కాలేజీలో అప్పటిదాకా వచ్చినవాటిలో బాగుంది అంటాను నేను, ఇంగ్లీషు తప్పులున్నా సరే. నాన్న బిజినెస్ అనడం మానేశాడు, నేస్తాడు అని చెప్పడం మొదలుపెట్టాడు. ఇప్పుడు వాడేం చేస్తున్నాడని అడగకండి, చెప్తే మీరు సక్సెస్ స్టోరీ అని వెబ్‌సైట్‌లో పెట్టేస్తారు. (నవ్వులు)

ఈ ఉదాహరణతో ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, ఇది మనదేశంలో మర్చిపోకూడని విషయం. మనిషి ఏ పని చెయ్యాలో పుట్టుకతోనే తేల్చేసిన సమాజం మనది. కులవృత్తి అన్న మాట వెనక ఎంత అవమానం ఉందో పడ్డవాళ్లకి తెలుసు. ఆ పనిలోంచి బయటపడడానికే చాలామంది పిల్లలు కాలేజీకి వస్తున్నారు, వాళ్ల నాన్నలు కూడా అందుకే పంపుతున్నారు. కాబట్టి "మీ నాన్న పని కూడా మంచిదే కదా, అదే చేసుకోవచ్చుగా" అనే మాట, ముఖ్యంగా చెమటపట్టని ఉద్యోగంలో ఉన్న మనం అనకూడదు. ఆ మేడమ్ అలా అనలేదు గమనించారా? నువ్వు నేయి అనలేదు, నేయొద్దూ అనలేదు. లెక్క అడిగారు. వాడికి తెలిసిన విషయం తనకి తెలియదని ఒప్పుకుని అడిగారు. చెప్పులు కుట్టే ఇంటి పిల్లైనా, కల్లు గీసే ఇంటి పిల్లాడైనా, కౌలు రైతు కూతురైనా, ఇంటి పని గురించి క్లాసులో తలెత్తుకుని మాట్లాడగలిగి, దాన్ని వదిలేసే స్వేచ్ఛ కూడా ఉండాలి. రెండూ ఉండాలి.

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో ఇంటింటి సర్వే ఉంటుంది కదా. ప్రశ్నాపత్రం ఇచ్చి పంపుతాం, ఇంట్లో ఎంతమంది, మరుగుదొడ్డి ఉందా, ఏ కార్డు ఉంది. కంప్యూటర్స్ చదివే ఒకమ్మాయి అలా తిరుగుతూ, ముసలమ్మలకి వేలిముద్ర పడక పింఛను రోజు పడే అవస్థ చూసింది. పొలం పనులు చేసీ చేసీ వేళ్ల మీద గీతలరిగిపోతాయి, మెషిన్ ఒప్పుకోదు, ఐరిస్ అంటారు, కంట్లో శుక్లాలుంటే అదీ పడదు. ప్రశ్నాపత్రంలో దీనికి గడి లేదు. లాగ్‌బుక్ చివరి పేజీలో ఓ మూల రాసింది. గైడ్ ఆ మూల చదివాడు కాబట్టి ఆ ప్రాజెక్టే మారిపోయింది, ఆ అమ్మాయి గ్రామ సచివాలయంలో కూర్చుని వేలిముద్ర పడనప్పుడు ఏమేం దారులున్నాయో తెలుసుకుని ముసలివాళ్లకి చెప్పే పని పెట్టుకుంది. కోడింగ్ అంటే ఏడుపొచ్చే పిల్ల, ఆ మెషిన్ ఎందుకు ఒప్పుకోదో తెలుసుకోడానికి మాత్రం పుస్తకం తీసింది.

ఎన్‌ఎస్‌ఎస్ గురించి ఎక్కువ చెప్పను. గాంధీ శతజయంతి ఏడాది, 1969లో మొదలుపెట్టారు, రెండేళ్లలో 240 గంటలు, ఏడు రోజుల క్యాంపు. చీపుర్లు పట్టుకుని ఫొటో దిగితే క్యాంపు అయిపోయినట్టు కాదని ప్రోగ్రాం ఆఫీసర్లకి నేను చెప్పక్కర్లేదు. క్యాంపులో రాత్రి వంట దగ్గర ఎవరు ఏ పని మీదేసుకుంటున్నారో చూస్తుండండి, అంతే. యాభై మందికి సాంబారు లెక్క కట్టగలిగే పిల్ల, అలిగినవాళ్లని బుజ్జగించి తెచ్చే పిల్లాడు, ఇవి మార్కుల మెమోలో రావు. చూసినప్పుడు వాళ్లకి చెప్పండి. "నువ్వు ఈ పని బాగా చేస్తున్నావు" అని పేరుపెట్టి చెప్పిన పెద్దవాళ్లు చాలామంది పిల్లలకి పద్దెనిమిదేళ్లొచ్చేదాకా ఒక్కరూ ఉండరు.

ఇక పంపడం గురించి. మనకి తెలియదని చెప్పడానికి నామోషీ. లెక్చరర్ అంటే అన్నీ తెలియాలి. దీనికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చే సంగతి వందేళ్ల పైమాట. యేట్స్ అనే దొర మన ఉత్తర జిల్లాలకి స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌గా వచ్చాడు. బయట జనం మాట్లాడే తెలుగుకీ, బడిలో పంతులు పుస్తకంలోంచి చెప్పే తెలుగుకీ పొంతన లేకపోవడం చూసి, ఎందుకిలా అని అడిగాడు. విశాఖపట్నంలో ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ని అడిగాడు. అయ్యంగారు పండితుడే, ఏదో ఒకటి చెప్పి పంపేయొచ్చు. ఆయన, దీనికి గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి అని ఇద్దరున్నారు, వాళ్లని అడగండి అన్నాడు.

గిడుగు అప్పటికి పర్లాకిమిడిలో పనిచేస్తున్నాడు. చరిత్ర చెప్పే మేస్టారు. అప్పటికే సవర అనే గిరిజన భాష మీద మనసుపడి, ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నవాడు. ఉద్యోగం చరిత్ర, ధ్యాస సవర. యేట్స్ ప్రశ్న వచ్చి తగిలాక మిగతా జీవితమంతా వాడుకభాష కోసం పెట్టాడు. ఇవాళ మీరు నేను ఈ భాషలో రాస్తున్నామంటే, పిల్లలు పరీక్షల్లో రాస్తున్నారంటే, ఆయన పడ్డ పాటు అందులో ఉంది. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకి దండ వేస్తాం. గిడుగు గొప్పదనం అందరూ చెప్తారు, నేను అయ్యంగారి గురించి చెప్తున్నా. కాలేజీ స్టాఫ్‌లో ఒకాయన, తన దగ్గరికి వచ్చిన ప్రశ్నని సరైన ఇంటికి పంపాడు. గిడుగుకి అప్పుడు నలభై దాటాయి, అది కూడా పిల్లలకి చెప్పండి, ఇరవై ఏళ్లకే జీవిత లక్ష్యం రాసిమ్మంటే ఆయన కూడా "హిస్టరీ మేస్టారు" అనే రాసుండేవాడు.

మరి మనం ఎవరి దగ్గరికి పంపగలం? మీ కాలేజీలో చదివి బయటికెళ్లినవాళ్లున్నారు. అలుమ్నై మీట్‌కి పిలిచి శాలువా కప్పి పంపేస్తున్నాం వాళ్లని. శాలువా మానేసి, మా పిల్లల్లో ఇద్దర్ని రోజంతా మీ పక్కన కూర్చోనిస్తారా అని అడగండి. గ్రూప్-2 రాసి డిప్యూటీ తహసీల్దార్ అవుతానంటాడు కుర్రాడు. మంచిది. ఆ డీటీ రోజూ ఏం చేస్తాడో తెలుసా అంటే "సంతకాలు పెడతాడు" అంటాడు. ఒక్క సోమవారం గ్రీవెన్స్ రోజున ఎమ్మార్వో ఆఫీసులో ఓ మూల కూర్చోబెట్టండి. వెబ్‌ల్యాండ్‌లో, అంటే ఆన్‌లైన్ భూమి రికార్డుల్లో, పేరు తప్పుపడిందని ఏడుస్తున్న రైతు, కుల ధ్రువీకరణ కోసం నాలుగోసారి వచ్చిన తల్లి, ఈలోగా మంత్రిగారి పర్యటన అని ఫోను. చూశాక కొందరికి భయమేస్తుంది, కొందరికి ఇక్కడే నేను పనికొస్తాననిపిస్తుంది. రెండూ ఉపయోగమే.

గవర్నమెంట్ జాబ్ పిచ్చి అని మనలో కొందరు వెటకారం చేస్తారు. అది తప్పు. మీకూ నాకూ ఆ జీతంతోనే ఇల్లు గడిచింది. వెనకబడిన ఇంట్లో ఒక గవర్నమెంట్ ఉద్యోగం వస్తే ఆ ఇంటి పేరు మారిపోతుంది, ఊళ్లో కుర్చీ వేస్తారు. కానీ దాని చుట్టూ ఉన్న నిజం కూడా చెప్పాలి. పక్కన తెలంగాణలో 503 పోస్టుల గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్‌లో రాశారు, పేపర్ లీకై 2023 మార్చిలో రద్దయింది, జూన్‌లో మళ్లీ రాశారు, అదీ హైకోర్టులో పోయింది, 2024లో కొత్త నోటిఫికేషన్. మన దగ్గర 2018 తర్వాత పెద్ద డీఎస్సీ మళ్లీ జరిగింది 2025లో, 16,347 పోస్టులకి. మధ్యలో ఆ బీఈడీ పిల్లలు ఏం తిన్నారు? హైదరాబాద్‌లో కోచింగ్ పిల్లలుండే అశోక్‌నగర్ గదుల్లో, చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద ముప్ఫై దాటినవాళ్లు కనిపిస్తారు, ఇంటికి ఫోన్ చెయ్యడానికి మొహం చెల్లక. వాళ్లు తెలివితక్కువవాళ్లు కారు, డిగ్రీలో ఉన్నప్పుడు ఎవరూ రెండో ప్రశ్న అడగలేదు. ఎన్నేళ్లు ప్రయత్నిస్తావు? ఆ ఏళ్లలో చేతిలో ఏ పని ఉంటుంది? ఇంట్లో ఈ లెక్క తెలుసా? ఈ మూడూ మొహమాటం లేకుండా అడగండి, జవాబు కాగితం మీద రాయించండి, వాళ్ల దగ్గరే ఉంచుకోమనండి.

డబ్బు మాట ముందు మాట్లాడండి అని కూడా అంటాను. ఇష్టమైన పని చెయ్యి అని సలహా ఇచ్చేముందు ఇంటి మీద అప్పెంతో అడగాలి. నాన్న పొలం తాకట్టులో ఉన్నవాడికి ముందు జీతం కావాలి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. జీతం ఒకచోట, మనసు ఒకచోట పెట్టుకుని బతికినవాళ్లు మన మధ్యే ఉన్నారు. గిడుగు ఉదాహరణ ఇప్పుడే చెప్పాను.

ఆడపిల్లల సంగతి వేరే మీటింగ్ పెట్టాల్సినంత ఉంది. ఫైనల్ ఇయర్ పిల్లని తర్వాతేంటి అని అడిగితే నవ్వి తల దించుకుంటుంది, మనం కూడా అర్థమైనట్టు నవ్వేస్తాం. నవ్వకండి. "సంబంధం చూస్తున్నారా, నీకు ఇష్టమేనా, పీజీ ఎంట్రన్స్ రాయనిస్తారా, నేను అమ్మతో మాట్లాడనా" అని అడగండి. నాన్నతో వాదించబోతే పని చెడుతుంది, చాలా ఇళ్లల్లో అమ్మతో మొదలుపెట్టాలి. లేడీ లెక్చరర్లే మాట్లాడాలన్న రూలేమీ లేదు గానీ, వాళ్లు మాట్లాడితే తలుపు తొందరగా తెరుచుకుంటుంది.

ఒక్క చిన్న మాట గొప్పవాళ్ల గురించి. గోడల మీద ఫొటోలు పెడతాం, కింద ఓ సూక్తి. మందుల శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారి కథ చెప్పాలంటే పూర్తిగా చెప్పండి. భీమవరంలో పుట్టాడు, మెట్రిక్ మూడోసారికి గట్టెక్కాడు, సన్యాసంలో కలుద్దామనుకున్నాడు, అది కుదరక వైద్యం చదివాడు, ఖద్దరు కట్టాడని ప్రొఫెసర్‌కి కోపమొచ్చి ఎంబీబీఎస్ బదులు దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ చేతికొచ్చింది. జబ్బుపడితే ఆచంట లక్ష్మీపతి గారు ఆయుర్వేదంతో బాగుచేశారు, మద్రాసు ఆయుర్వేద కాలేజీలోనే పాఠాలు చెప్పాడు. హార్వర్డ్‌లో ఉద్యోగం పర్మినెంట్ కాలేదు. 1940లో ఒక మందుల కంపెనీకి వెళ్లాడు, ఫోలిక్ యాసిడ్ పని అక్కడ జరిగింది. సప్లీ ఉన్న కుర్రాడికి ఇది వినిపించండి, సూక్తి కంటే బాగా పనిచేస్తుంది.

సరే, టైం అయింది. ఈ ఏడాదికి నేను అడిగేది ఏంటంటే, లాగ్‌బుక్‌లు గైడ్ వారానికోసారి చదివి, ప్రతి విద్యార్థికీ మార్జిన్‌లో ఒకే ఒక ప్రశ్న రాయాలి. సంతకం అక్కర్లేదు, ప్రశ్న చాలు. ముప్ఫై మందికీ కుదరదంటారా, పది మందితో మొదలుపెట్టండి. ఎవరికైనా ఏమైనా అడగాలనుందా?

(ఒక అధ్యాపకుడు: సార్, వర్క్‌లోడ్, అడ్మిషన్ల క్యాంపెయిన్, ఎగ్జామ్ డ్యూటీ, ఆన్‌లైన్ ఎంట్రీలు... ఇదంతా ఎప్పుడు చెయ్యాలి?)

నిజమే, కాదనను. ఎంట్రీలు తగ్గించమని పైవాళ్లని అడగాల్సింది మీ సంఘం, ఆ మాట నేనూ అన్నిచోట్లా చెప్తున్నాను. ఈలోగా, కెరీర్ గైడెన్స్ సెమినార్లలో ఒకటి రద్దు చేసుకోండి. ఆ రెండు గంటలు, దానికి ముందు బ్యానరు, బొకే, రిపోర్టు రాసే రోజు, అంతా కలిపితే ఎన్ని లాగ్‌బుక్‌లు చదవొచ్చో మీరే లెక్కేయండి. ప్రిన్సిపాల్ గారు ఇక్కడే ఉన్నారు, ఒప్పుకుంటారనే అనుకుంటున్నా. (నవ్వులు)

(ఒక ల్యాబ్ అటెండర్: పిల్లలు మాతో ఇంటి విషయాలు చెప్పుకుంటారు సార్. అవి మేం సార్లకి, మేడమ్‌లకి చెప్పొచ్చా?)

చాలా మంచి ప్రశ్న అడిగావమ్మా, ఇంతసేపు నేను చెప్పాల్సి ఉండి చెప్పనిది ఇదే. ముందు ఆ పిల్లనే అడుగు, "ఈ సంగతి ఫలానా మేడమ్‌కి చెప్తే సాయం దొరుకుతుంది, చెప్పనా, నువ్వే చెప్తావా, నేను తోడు రానా" అని. వద్దంటే వద్దు, స్టాఫ్ రూంలో కబుర్లలో అసలు రాకూడదు. ఒక్క విషయంలో మాత్రం అడగక్కర్లేదు. చచ్చిపోతాననో, బతకాలని లేదనో అన్నా, ఎవరో కొడుతున్నారని చెప్పినా, ఆ పిల్లని ఒంటరిగా వదలకుండా వెంటనే ప్రిన్సిపాల్ గారికి చెప్పాలి. టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416, ఉచితంగా, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు ఇప్పుడే అందరూ ఫోన్లో ఎక్కించుకోండి, నేనాగుతాను. హాస్టల్ వార్డెన్ గారు, మీరు దాన్ని నోటీసు బోర్డు మీద కాకుండా బాత్‌రూం తలుపుల లోపలివైపు అతికించండి, అక్కడైతే ఎవరూ చూడకుండా రాసుకుంటారు. ఎక్కించుకున్నారా? ఇంకెవరైనా?